సామ్రాజ్యం పడవెక్కిన వారం

తెనాలి,
12 జూన్ 1987

అత్తయ్యకు కరుణ వందనాలు.

ఇక్కడ ఎండలు ఇంకా దిగలేదు. ప్రెస్సులో ఫ్యాను గాలి నా బల్ల దాకా రాదు, ప్రూఫులు మాత్రం ఠంచనుగా వస్తాయి. పెళ్ళి శుభలేఖలు అయిపోయాయి, ఇప్పుడు నోటుబుక్కు అట్టల రోజులు. పాడైపోయిన అట్టల వెనకవైపు నా సీరియల్ రాసుకుంటున్నాను. మా యజమాని సుబ్బారావు గారు చూసి కూడా చూడనట్టే ఉంటారు. ఆయన భార్య ప్రతి వారం పత్రిక రాగానే ముందు నా పేజీ తీస్తుందట, ఆ ధైర్యంతోనే బతుకుతున్నాను.

అయితే పెద్ద చిక్కొచ్చి పడింది. నిన్న బెజవాడ నుంచి ఎడిటరు శ్రీమన్నారాయణ గారి కార్డు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అమ్మా, మీ కథానాయిక సామ్రాజ్యం పదకొండు వారాలుగా గెలుస్తూనే ఉంది. జీడిపప్పు లారీకి అడ్డంగా నిలబడింది. మేస్త్రీ చెంప పగలగొట్టింది. పామును తోక పట్టుకుని గోడ అవతల పారేసింది. పాఠకులకు ఆమె మీద గౌరవం ఉంది గాని బెంగ లేదు. బెంగ లేకపోతే తరువాతి వారం పత్రిక ఎందుకు కొంటారు? ఆమెకు ఒక భయం పెట్టండి. కుదరకపోతే నాలుగు వారాల్లో ముగించండి."

నాకేం తోచడం లేదు అత్తయ్యా. మీ దగ్గర దాపరికం ఎందుకు, సామ్రాజ్యాన్ని వేటపాలెం జీడిపప్పు కార్ఖానాలో పెట్టానే గాని మనిషి మాత్రం మీరే. ఆ నడక మీదే, ఆ మాట మీదే. బడి గోడ కూల్చడానికి వచ్చిన కాంట్రాక్టరును మీరు కుర్చీ వేసుకుని అడ్డగించిన సంగతే లారీ సంగతిగా మార్చాను. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. మీకు దేనికి భయం? ఒక్కటంటే ఒక్కటి చెప్పండి చాలు.

ప్రకాశం మాష్టారి సంగతి అమ్మ రాసింది. మీ బడిలో ఆరేళ్ళు తెలుగు చెప్పి, రిటైరై, ఏటి అవతల అవనిగడ్డలో వాళ్ళమ్మ గారి దగ్గరుంటున్న మనిషి మిమ్మల్ని పెళ్ళి చేసుకుంటానని అడగడమేమిటి, మీరు కాదనడమేమిటి! "నలభై తొమ్మిదేళ్ళు నా ఉప్పూ కారం నాకు సరిపోయాయి, ఇప్పుడు ఇంకొకరి రుచి నేర్చుకోలేను" అన్నారట. అబ్బ, ఏం మాటండీ! అక్షరం పొల్లు పోకుండా పదో వారంలో సామ్రాజ్యం చేత అనిపించేశాను. ఇరవై మూడు మంది మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.

వెంటనే జవాబు రాయగలరు.
మీ మేనకోడలు,
కరుణ


రేపల్లె,
18 జూన్ 1987

చిరంజీవి కరుణకు అత్త దీవెనలు.

నీ ఉత్తరానికి పదికి ఆరు మార్కులు. రెండు దస్తూరికి పోయాయి. రెండు, అడగకూడని ప్రశ్న అడిగినందుకు పోయాయి.

నాకు భయాలు లేవు. దేవునికి భయపడతాను, అదీ ఆయన అడిగాడు గనక. బడికి ఇన్‌స్పెక్టరు వస్తే ఇన్‌స్పెక్టరే భయపడతాడు. నన్ను తీసుకెళ్ళి నీ కార్ఖానాలో కూర్చోబెట్టే ముందు ఒక మాట అడగవలసింది. అడిగినా కాదనేదాన్ని కాదనుకో, అది వేరే విషయం.

మా స్త్రీల సమాజంలో నీ సీరియల్ సంగతి విను. గురువారం బైబిలు పాఠం కాగానే రూతమ్మ కళ్ళజోడు తుడుచుకుని నీ పేజీ పైకి చదువుతుంది. ఆవిడ ఉపాధ్యక్షురాలు కాబట్టి చదివే హక్కు తనదేనంటుంది. సామ్రాజ్యాన్ని మేస్త్రీ తాళం వేసి బంధించిన వారం, చివరి ప్రార్థనలో మన పాస్టరు అంద్రెయ గారి భార్య, "ప్రభువా, కార్ఖానాలో ఉన్న మా సహోదరి సామ్రాజ్యాన్ని విడిపించు" అనేసింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. తరువాత గాని ఆ పేరుతో మన సంఘంలో మనిషెవరూ లేరని గుర్తుకు రాలేదు.

భయం కావాలన్నావు. నా దగ్గర లేకపోయినా రేపల్లె భయాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. నీకు తెలుసుగా, సమాజంలో నోరు విడిచి చెప్పుకోలేని అక్కరలు ఆడవాళ్ళు పేరు లేకుండా చీటీ మీద రాసి సంచిలో వేస్తారు. కార్యదర్శిని కాబట్టి నేను చదువుతాను, అందరం ప్రార్థిస్తాం. అక్కర తీరినావిడ మళ్ళీ "తీరింది" అని ఇంకో చీటీ వేస్తే, పాతదాని మీద ఎర్ర సిరాతో టిక్కు పెడతాను. పన్నెండేళ్ళ చీటీలు బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. అందులోంచి భయాలు ఏరి ఎనిమిది పంపుతున్నాను. ఎవరివో నాకూ తెలియదు, నీకూ తెలియదు, కాబట్టి పాపం లేదు. చూసి వెనక్కి పంపు.

ప్రకాశం గారి విషయం నేను చెప్పవలసింది చెప్పేశాను. దాన్ని పత్రికకెక్కించి మంచి పని చేశావు. ఇప్పుడు నేను మనసు మార్చుకున్నా ఇరవై మూడు మందికి సంజాయిషీ చెప్పుకోవాలి.

అమ్మానాన్నలను అడిగానని చెప్పు.
అత్త,
దేవకుమారి


తెనాలి,
25 జూన్ 1987

అత్తయ్యకు వందనాలు.

చీటీలు అందాయి. చదువుతూ ప్రెస్సులో ఒక్కదాన్నే నవ్వుతుంటే కంపోజిటరు ముత్తయ్య గారు, "ఏంటమ్మా, శుభలేఖలో తప్పు పడిందా?" అని పరిగెత్తుకొచ్చారు.

"బల్లి మీద పడితే ఆ పూట నా ప్రాణం నాది కాదు." "టెలిగ్రాం అంటే చాలు, పక్కింటికొచ్చినా నేనే ఏడుస్తాను." "మా కోడలు మెల్లగా మాట్లాడితే భయం." "నన్ను ఒంటరిగా పాట పాడమంటారేమోనని ఆదివారం వెనక బెంచీలో కూర్చుంటున్నాను." ఎంత మంచివాళ్ళండీ రేపల్లెవాళ్ళు!

సామ్రాజ్యానికి బల్లి ఖాయం చేస్తున్నాను. పామును తోక పట్టి పారేసిన మనిషి బల్లిని చూసి బల్లెక్కడం బాగుంటుంది. ముగ్గురికి చెప్పాను, ముగ్గురూ నవ్వారు.

ఎనిమిదింటిలో ఒక్కటి మాత్రం అస్సలు పనికిరాదు. ఎడమ చేత్తో రాసినట్టు వంకర అక్షరాలు, పాపం చదువు రాని మనిషై ఉంటుంది. "పడవ ఎక్కాలంటే భయం. ఎక్కలేను. ఎవరికీ చెప్పలేను. ప్రార్థన చేయండి." అంతే. దాని మీద టిక్కు కూడా లేదు. పెనుమూడి రేవు పక్కన పుట్టి పెరిగి పడవకు భయపడడమేమిటండీ? మేకలు ఎక్కుతాయి, పొట్టేళ్ళు ఎక్కుతాయి, చంటిపిల్లలు ఎక్కుతారు. ఇంత పిరికి మనిషిని తీసుకొచ్చి సామ్రాజ్యంలో పెడితే పాఠకులు నన్ను రాళ్ళతో కొడతారు. ఆవిడెవరో గాని బెజవాడ మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వెళ్తే పోయే, పొద్దున ఎక్కితే సాయంత్రానికి చేరుతుంది!

చీటీలు ఈ కవరులోనే పెడుతున్నాను.
మీ కరుణ


రేపల్లె,
29 జూన్ 1987

కరుణకు,

పదికి మూడు.

బల్లి! సినిమాలో హీరోయిన్లు బల్లిని చూసి హీరో మీద పడతారు. నీ సామ్రాజ్యం ఎవరి మీద పడుతుంది, మేస్త్రీ మీదా?

ఆ పడవ చీటీ రాసినావిడ సంగతి నాకు కొంచెం తెలుసు. ఆవిడ చదువు రాని మనిషి కాదు. కళ్ళజోడు పెట్టుకుని నలుగురికీ చదివి చెప్పగలిగిన మనిషి. సంఘంలో ఎవరికి ఏ కష్టమొచ్చినా సలహాకు ఆవిడ దగ్గరికే వస్తారు. పిరికిదని ఎంత తేలిగ్గా రాశావు! ఉప్పెన వచ్చిన ఏడు అవతల దివిసీమలో జనం తిండి లేక అల్లాడుతుంటే, గంజి కేన్లు వేసుకుని రేవుకు అందరికంటే ముందు వెళ్ళింది ఆవిడే. పడవలో కాలు పెట్టబోతే మోకాలు వంగలేదు. చుట్టూ జనం. ఏం చెబుతుంది? "నేనిక్కడే పొయ్యి పెడతాను, మీరు చేరవేయండి" అంది. పద్నాలుగు రోజులు ఆ ఒడ్డునే గంజి కాచింది. చివరికి సభ పెట్టి, ఇంత ధైర్యవంతురాలు లేదని శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ పెట్టెలో మడత విప్పకుండా ఉంది. దాన్ని చూస్తే ఆవిడకు ఎలా ఉంటుందో నీకు తెలుసా? రచయిత్రివి కదా, ఊహించు.

బస్సు మాట బాగానే చెప్పావు. ఏడాదికొకసారి చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళకు బెజవాడ మీదుగా కుదురుతుంది. అవతల ఒడ్డున కాపురముండి రోజూ ఇవతల ఉద్యోగానికి రావలసిన మనిషి ఏ బస్సెక్కాలి?

సరే, నాకెందుకు. నీ సీరియల్ నీ ఇష్టం.

ప్రకాశం గారు మళ్ళీ ఉత్తరం రాశారు. వాళ్ళమ్మ మార్తమ్మ గారికి ఎనభై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలరు. ఆవిడ నన్ను ఒకసారి కళ్ళారా చూస్తానన్నారట. ఆగస్టు రెండో తారీఖు లోపల నేను వెళ్ళకపోతే, ఇష్టం లేదనే అనుకుని చల్లపల్లి వాళ్ళ సంబంధం ఖాయం చేస్తారట. నర్సు పని చేసి రిటైరైనావిడట. మంచిదే. ఆయనకు బీపీ ఉంది, పనికొస్తుంది.

నేను వెళ్ళడం లేదు. ఎందుకు వెళ్ళాలి?
అత్త


తెనాలి,
6 జూలై 1987

అత్తయ్యకు వందనాలు.

మీరు నన్ను తిట్టినంత బాగా ఎడిటరు కూడా తిట్టలేడు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు బల్లిని తీసేసి, పడవను పెట్టాను.

పదహారో వారం ఇలా రాశాను: కార్ఖానా మేస్త్రీ మీద కేసులో సాక్షి ఏటి అవతల ఉన్నాడు. అతణ్ణి తీసుకురావడానికి సామ్రాజ్యం వెళ్ళాలి. వెనకాల రెండు వందల మంది ఆడవాళ్ళు జేజేలు కొడుతూ రేవు దాకా వచ్చారు. పడవ సిద్ధంగా ఉంది. సామ్రాజ్యం ఒక కాలు ఎత్తింది. అక్కడ ఆపేశాను. సుబ్బారావు గారి భార్య నిన్న స్వయంగా ప్రెస్సుకొచ్చి, నా బల్ల మీది చిత్తుప్రతి చదివేసి, "ఏమ్మా, ఎక్కుద్దా ఎక్కదా? నాకు మాత్రం చెప్పు" అంది. చెప్పడానికి నాకు తెలిస్తే కదా!

ఇంకొక రహస్యం. చీటీ రాసినావిడ ఎవరో నేను కనిపెట్టేశాను. కళ్ళజోడు, నలుగురికీ చదివి చెప్పడం, అందరికీ సలహాలివ్వడం అనగానే ఇంకెవరు, మీ రూతమ్మ గారే! మీరు పేరు చెప్పలేదు, నేను అడగలేదు, మనిద్దరికీ పాపం లేదు. ఆవిడకు గౌరవంగా ఉంటుందని సామ్రాజ్యానికి కూడా కళ్ళజోడు పెట్టి, మాట్లాడే ముందు పైటచెంగుతో తుడుచుకునే అలవాటు పెట్టాను. పదిహేను వారాలు లేని కళ్ళజోడు ఎక్కడిదని ఎడిటరు అడుగుతారని, జీడి పొగకు చూపు తగ్గిందని ముందే రాశాను.

ప్రకాశం మాష్టారి విషయంలో మీరు మీ మాట మీద నిలబడినందుకు గర్వంగా ఉంది. చల్లపల్లి నర్సు గారికి మన శుభాకాంక్షలు.
మీ కరుణ


రేపల్లె,
17 జూలై 1987

కరుణకు దీవెనలు.

ఓసి పిచ్చిదానా, ఎంత పని చేశావు!

నిన్న గురువారం సమాజానికి ముప్పై ఒక్క మంది వచ్చారు. ఈస్టరుకు కూడా అంతమంది రారు. రూతమ్మ మామూలుగానే కళ్ళజోడు పైటచెంగుతో తుడుచుకుని చదవడం మొదలెట్టింది. "సామ్రాజ్యం కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుంది" అన్న చోటికి వచ్చింది. ఆగింది. మళ్ళీ చదివింది. రేవు దగ్గర కాలు ఎత్తిన చోటు దాకా చదివింది. పత్రిక కింద పెట్టి, నిలబడి, "నా సంగతి తెనాలికి ఎవరు మోశారు?" అంది.

 నువ్వు తప్పుగా కొట్టిన రాయి సరిగ్గా వెళ్ళి తగిలింది. రూతమ్మకు కూడా పడవంటే భయమేనట! ఇరవై ఏళ్ళుగా కూతురు ఇంటికి బెజవాడ మీదుగా వెళ్తూ, "గాజులు కొనుక్కోవాలి, అందుకని అటు వెళ్తున్నా" అని చెబుతోందట. ఆ మాట అంటూ బావురుమంది. ఇంతలో వెనక బెంచీలోంచి ఒకావిడ, "అక్కా, నేనూ అంతే" అంది. ఇంకొకావిడ, "నేను ఎక్కుతాను గాని కళ్ళు మూసుకుంటా" అంది. ఏడుగురు తేలారు. ఏడుగురు! ఏడుస్తూ నవ్వుతూ ఒకరినొకరు పట్టుకున్నారు. పాస్టరు గారి భార్య ఏడుగురికీ, సామ్రాజ్యానికీ కలిపి ప్రార్థన చేసింది.

తరువాత రూతమ్మ నా వైపు తిరిగి, "దేవకుమారమ్మ గారూ, మీకు మా బాధ అర్థం కాదులెండి. మీరు ధైర్యవంతులు. మాకు రెండు మంచి మాటలు చెప్పండి" అంది. ముప్పై మంది నా ముఖం చూస్తున్నారు. నేను లేచి, భయపడకూడదని, పేతురు నీళ్ళ మీద నడిచాడని, ఇరవై నిమిషాలు ప్రసంగం చేశాను. చాలా బాగా చేశానట. పేతురు మధ్యలో మునిగాడు కదా, ఆ ముక్క వదిలేశాను.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఒంట్లో బాగుండలేదు. ఈ ఉత్తరానికి ఇంతే.
అత్త


బాపట్ల,
24 జూలై 1987

అత్తయ్యకు,

నాన్నకు జ్వరమని వచ్చాను. తగ్గిపోయింది, కంగారు పడకండి. కాగితం చూసి ఇది తెనాలి నుంచి కాదని మీకు తెలిసిపోయి ఉంటుంది, నాన్న పాత డైరీలో చింపాను.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ పోయిన ఉత్తరంలో నాకు మార్కులు వేయలేదు. నేను మొదటి తరగతి నుంచి మీకు ఉత్తరాలు రాస్తున్నాను, మీరు మార్కులు వేయకపోవడం ఇదే మొదలు. అందుకే నిన్న సాయంత్రం నాన్న పక్కన కూర్చుని మీ మాటెత్తాను.

నాన్న నవ్వుతూ, "మీ అత్తా? సూర్యలంక ఎన్నిసార్లు తీసుకెళ్ళానో! సముద్రానికి అర మైలు దూరంలో చెప్పుల దగ్గర కూర్చునేది. 'రావే' అంటే, 'అందరూ వెళ్తే చెప్పులు ఎవరు చూస్తారు, అన్నయ్యా' అనేది. ఆ చెప్పులు ఎవడెత్తుకుపోతాడే!" అన్నారు. నేనూ నవ్వాను. నా చిన్నప్పుడు కూడా మీరు చెప్పులే చూశారు. పదిహేను జతల మధ్య గొడుగు వేసుకుని మహారాణిలా కూర్చునేవారు. అది బాధ్యత అనుకున్నాం.

ఆ తరువాత నాన్న, "ఏమాటకామాటే, ఉప్పెనప్పుడు దాని ధైర్యం చూడాలి. పద్నాలుగు రోజులు రేవులో గంజి కాచింది. సభ పెట్టి శాలువా కప్పారు. ఆ శాలువా ఒక్కరోజన్నా కప్పుకోలేదు, అంత నిరాడంబరం" అన్నారు.

నేనింక నవ్వలేకపోయాను అత్తయ్యా.

నాన్నకు ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా. కాని మీకు చెప్పాలి. ఆ చీటీని పట్టుకుని పిరికిదన్నాను, మేకలు ఎక్కుతాయన్నాను. మీరు ఉప్పూ కారం అని అడ్డం పెట్టుకున్న మాటను ఊరంతా చదివేలా అచ్చు వేయించాను. మీరు మనసు మార్చుకునే దారి కూడా నేనే మూసేశాను. నిలబడినందుకు గర్వంగా ఉందని రాశాను చూడండి, దానికి నన్ను చెప్పుతో కొట్టండి. మీకు భయం ఉండడానికి వీల్లేదని మేమంతా ఎప్పుడో తీర్మానించేసుకున్నాం, మిమ్మల్ని అడగకుండానే.

నాన్న జ్వరం పేరు చెప్పి గడువు అడిగాను, ఎడిటరుకు ఆగస్టు అయిదు లోపల తరువాతి భాగం కావాలి. సామ్రాజ్యం ఎక్కుతుందో లేదో నాకు తెలియదు. అబద్ధంగా ఎక్కించడం నా వల్ల కాదు, దింపేయడమూ నా వల్ల కాదు. కాగితం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. మీరు వెళ్ళాలని అడగడం లేదు. వెళ్ళాలని మీకుంటే, నేను తెనాలి నుంచి పొద్దున బండికి వచ్చి మీ పక్కన కూర్చుంటాను. నాకు ఈత రాదు, ఊరికే కూర్చుంటాను.
మీ కరుణ


రేపల్లె,
28 జూలై 1987

కరుణకు,

చీటీ నాదే.

ఎడమ చేత్తో రాశాను. సంచిలో వేసి, మళ్ళీ నేనే తీసి, నేనే పైకి చదివి, "పాపం ఈ సహోదరి ఎవరో, ప్రార్థించండి" అన్నాను. నీకు పంపిన ఎనిమిదింటిలో అదెందుకు పెట్టానో నన్ను అడగకు. పొరపాటున పెట్టానో, కావాలనే పెట్టానో నాకే తెలియదు.

భయం ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు. నన్నెవరూ నీళ్ళలో తొయ్యలేదు, మా వాళ్ళెవరూ మునగలేదు. కారణం ఉంటే కొంచెం గౌరవంగా ఉండేది.

ఆ మనిషి మంచివాడు. ఆరేళ్ళు పక్క గదిలో పద్యాలు చెబుతుంటే గోడకు చెవి పెట్టి విన్నాను. ఆయన అడిగిన రోజు ఔనని చెప్పబోయాను. అంతలో రోజూ బడికి పడవలో రావాలని గుర్తుకొచ్చింది. నోట్లోంచి ఉప్పూ కారం వచ్చింది.

నువ్వు రావద్దు. నీ ముందు వణికితే జన్మంతా నీకు మార్కులు వేయలేను. వస్తానని ప్రకాశం గారికి రాశాను, శనివారం ఆయన ఇవతలికి వచ్చి తీసుకెళ్తారు. ఇల్లు చూడడానికి వెళ్తున్నానని సమాజంలో చెప్పాను. ఏడుగురూ రేవు దాకా వచ్చి, నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటారట. వద్దంటే వినడం లేదు.

మీ నాన్నకు చెప్పకు. చెప్పుల సంగతి తలుచుకుని చచ్చేదాకా నవ్వుతాడు.

అయిదో తారీఖు లోపల నా ఉత్తరం రాకపోతే సామ్రాజ్యం మునిగిపోయిందని రాసేయి.
అత్త


అవనిగడ్డ,
శనివారం, 1 ఆగస్టు 1987

నా బంగారు కరుణకు,

ఏటి అవతలి నుంచి రాస్తున్నాను. దస్తూరికి నాకే మార్కులు పడవు.

ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, సామ్రాజ్యానికి పనికొచ్చింది తీసుకో. రేవులో ఏడుగురూ నిలబడి పాట ఎత్తుకున్నారు. ఆ పాట సమాధుల దొడ్డిలో పాడేది, ఆ సమయానికి అదే గుర్తొచ్చిందట. పడవ నడిపే యలమంద, "ఎక్కండమ్మా, ఆలస్యమైపోద్ది" అని రెండు సార్లు కేకేశాడు. నా కాలు లేవలేదు.  ప్రకాశం గారు ముందు ఎక్కి, చెయ్యి చాచి, అలాగే నిలబడ్డారు. చల్లపల్లి నర్సు ఈ చెయ్యి పట్టుకుంటుందన్న ఆలోచన వచ్చింది. ఒళ్ళు మండింది. ఆ మంటలో కాలు లోపల పెట్టేశాను. భక్తితో ఎక్కానని రాయకు, అబద్ధమవుతుంది.

బల్ల మీద కూర్చోలేకపోయాను. కింద, చేపల గంపల మధ్య చతికిలపడ్డాను, పట్టుచీరతో. "ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండండి" అన్నాను. పాపం ఆయన ఏటి పొడవునా ఛందస్సు చెప్పారు. ఒక్క గణం కూడా చెవికెక్కలేదు. నడి ఏట్లో పడవ ఒక పక్కకు వొరిగింది. నేను అరిచిన అరుపు ఒడ్డున ఏడుగురికీ వినబడినట్టుంది, స్తోత్రం చేస్తున్నాననుకున్నారు కాబోలు, హల్లెలూయా అని వాళ్ళ కేకలు వినబడ్డాయి. పక్కన చేపలమ్మే కోటమ్మ, "అమ్మగారూ, నా గంప వదలండి, రొయ్యలు నలిగిపోతన్నాయి" అంది. "ఇంకాస్సేపు ఉండు తల్లీ" అన్నాను. తీరా చూస్తే అవతలి ఒడ్డుకు చేరి అయిదు నిమిషాలైందట, నేనే దిగడం లేదు.

మార్తమ్మ గారు చిన్న మనిషి, తెల్ల చీర, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. నన్ను పైనుంచి కింద దాకా చూశారు. చీరకు పొలుసులు అంటుకుని ఉన్నాయి. కొడుకును కొబ్బరి బోండాలకు పంపి, "తలుపేసి రా" అన్నారు. వంట వచ్చా, జీతమెంత, వయసెంత, ఇలాంటివి అడుగుతారనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"పడవలో భయమేసిందా అమ్మాయ్?" అన్నారు.

లేదండి అనబోయాను. నలభై తొమ్మిదేళ్ళుగా ఆ మాట నాలుక చివరనే ఉంది. కాని మోకాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి, ఆవిడ వాటినే చూస్తున్నారు.

"వేసిందండి. చాలా భయమేసింది" అన్నాను. ఒక మనిషి ముఖం చూసి ఆ మాట చెప్పడం నాకదే మొదటిసారి కరుణా. చెప్పాక ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకున్నారు. "పదహారేళ్ళ పిల్లని ఆ పడవలోనే కాపురానికి తెచ్చారు. పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ చచ్చి బతికాను. నా మొగుడు పోయాక మళ్ళీ ఎక్కలేదు. రేపల్లె వచ్చి నిన్ను చూడాలని నాకు లేదా? నా మోకాళ్ళకేం రోగం, రాయిలా ఉన్నాయి" అంటూ లేచి, ఆ గదిలో ఇటు నుంచి అటు చకచకా నడిచి చూపించారు.

"కళ్ళు తిరిగాయన్నాను, అసలు సంగతి మీ అబ్బాయి గారికి చెప్పకండి" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"ముప్పై ఏళ్ళుగా వాడికి మోకాళ్ళ నొప్పనే చెబుతున్నా. నమ్మి నూనె తెచ్చి పోస్తన్నాడు. నువ్వూ ఏదో ఒక నొప్పి చూసుకో" అన్నారు.

నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి నవ్వుతుంటే, బయట నుంచి ప్రకాశం గారు తలుపు తట్టి, "ఏంటమ్మా, లోపల ఏం జరుగుతోంది?" అన్నారు.

"పెళ్ళి కుదురుతోంది, కాసేపు ఆగరా" అన్నారు మార్తమ్మ గారు.

నీ అత్త,
దేవకుమారి